భృతి తీసుకుంటూ సంపాదిస్తే: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో తెగని లెక్క

పని పోయినవాళ్లకో, పని తగ్గినవాళ్లకో సర్కారు నెలనెలా కొంత ఇస్తోంది. ఆ నెలలోనే వాళ్లు మరోచోట నాలుగు రూపాయలు సంపాదించుకుంటే ఆ సంగతి చెప్పాలా? చెబితే భృతిలో ఎంత కోయాలి? చెప్పకపోతే దాన్ని మోసం అనాలా, బతుకుదెరువు అనాలా? అమెరికాలో, జర్మనీలో ఈ ప్రశ్న నింపాల్సిన ఫారం మీదే ఉంటుంది. మన దగ్గర అలాంటి ఫారం లేదు కాబట్టి ఆ తగాదా కూడా లేదని చాలామంది అనుకుంటారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు పింఛన్ల జాబితా బయటికొచ్చినప్పుడల్లా వినపడే మాటలు వేరుగా ఉంటాయి. ఫలానా ఇంట్లో కొడుకు దుబాయిలో ఉన్నాడు, ఆమెకు బీడీ పింఛను ఎందుకని ఒకరంటారు. నెలలో సగం రోజులు ఆకు దొరకదు, కుట్టుమిషన్ తొక్కుకుంటే తప్పేమిటని ఇంకొకరంటారు. రెండూ ఈ ప్రశ్నకు చెందిన వాదనలే.

చర్చ ఇంతగా చిక్కుపడటానికి ఒక కారణం, అసలు పోలిక లేని సాయాలన్నిటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం. బీడీ కార్మికులకు ఆసరా కింద వచ్చే జీవన భృతి, ఉపాధి హామీ చట్టంలో రాసిన నిరుద్యోగ భృతి, ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లకు దొరికే భత్యం, ఎన్నికల మేనిఫెస్టోల్లో చదువుకున్న యువతకు ఇస్తామన్న భృతి, గల్ఫ్‌లో ఉద్యోగం పోతే వచ్చే బీమా సొమ్ము. వీటిలో దేని షరతులు దానివి. పక్క సంపాదన గురించి ఒక్కోటి ఒక్కోలా అడుగుతుంది, కొన్ని అసలు అడగనే అడగవు. అందుకే ఒక్కోదాన్ని విడదీసి చూడాలి.

ఇక్కడిదాకా వచ్చిన దారి

రాజ్యాంగంలోని 41వ అధికరణం నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం వంటి వేళల్లో ప్రజలకు సాయం అందించాలని రాజ్యానికి చెప్పింది. అయితే తన ఆర్థిక స్తోమత మేరకు అని కూడా అందులోనే ఉంది. ఆ మాట ఆసరాగా దేశవ్యాప్త నిరుద్యోగ బీమా దశాబ్దాలపాటు వాయిదా పడింది. దాని బదులు ముక్కలు ముక్కలుగా ఏర్పాట్లు వచ్చాయి. 1953లో పారిశ్రామిక వివాదాల చట్టంలో లేఆఫ్ పరిహారం చేరింది. 1977 నాటి మహారాష్ట్ర ఉపాధి హామీ చట్టం, పని చూపించలేకపోతే భత్యం ఇవ్వాలని ఒప్పుకుంది. 1982లో కేరళ, చదువుకుని ఖాళీగా ఉన్నవాళ్లకు కుటుంబ ఆదాయ పరిమితితో చిన్న భత్యం మొదలుపెట్టింది.

2005లో రెండు అడుగులు పడ్డాయి. ఏప్రిల్ 1 నుంచి ఈఎస్ఐ సంస్థ రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద, ఫ్యాక్టరీ మూతపడో రిట్రెంచ్‌మెంట్ వల్లో ఉద్యోగం పోయిన కార్డుదారులకు జీతంలో సగం ఇవ్వడం ప్రారంభించింది. అదే ఏడాది పార్లమెంటు ఉపాధి హామీ చట్టం చేసింది. 2006 ఫిబ్రవరిలో తొలి విడతగా అమలైన 200 జిల్లాల్లో అప్పటి కరీంనగర్ ఒకటి. నేటి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు రెండూ 2016 అక్టోబరు దాకా అందులోవే.

తెలంగాణ ఏర్పడ్డాక 2014 నవంబరులో ఆసరా పింఛన్ల పథకం వచ్చింది. 2015 మార్చి నుంచి బీడీ కార్మికులకు నెలకు రూ.1,000 మొదలై, 2019లో అది రూ.2,016 అయింది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ చేయూత హామీ దాన్ని రూ.4,000 చేస్తామంది. చదువుకున్నవాళ్ల భృతి కథ మాత్రం కాగితాల మీదే సాగింది. 2018లో తెరాస రూ.3,016 ఇస్తామంది, 2019 ఫిబ్రవరి ఓట్ ఆన్ అకౌంట్‌లో రూ.1,810 కోట్లు చూపింది, పథకం మాత్రం అమలు కాలేదు. 2023 మే నెలలో సరూర్‌నగర్ సభలో కాంగ్రెస్ యువ డిక్లరేషన్ రూ.4,000 మాట ఇచ్చింది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తం పేరుతో రూ.1,000 నిజంగానే ఖాతాల్లో పడింది. మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక ఆగిపోయింది.

కార్డు మీద ఒక పేరు

ఈ మొత్తం చర్చకు గుండెకాయ బీడీ భృతి. అందుకే దీని దగ్గర కొంచెంసేపు ఆగాలి.

బీడీ పని ఇంట్లో జరిగే పని. కార్ఖానా నుంచో టేకేదారు దగ్గర నుంచో తునికాకు, తంబాకు, దారం తెచ్చుకుంటారు. ఆకు తడిపి, కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని చుడతారు. ఇరవై ఐదేసి బీడీల కట్టలు కట్టి తిరిగి అప్పజెబుతారు. అక్కడ బాగోలేవని ఛాట్ తీసి పక్కన పడేసినవి పోగా మిగిలినదానికే కూలి. వెయ్యి బీడీలకు ఇంత అన్నది రేటు. కార్డు మీద, పీఎఫ్ ఖాతాలో ఉండేది ఒక ఆడమనిషి పేరు. చాట చుట్టూ కూర్చునేది చాలా ఇళ్లలో ఆమె, కోడలు, బడి నుంచి వచ్చిన బిడ్డ. కార్డు దొరకని పక్కింటామె కూడా ఈమె పేరు మీదే బీడీలు అప్పజెప్పి తన వాటా తీసుకునే పద్ధతి ఈ పరిశ్రమలో పాతదే.

ఇప్పుడు ఆదాయం చెప్పమంటే ఎవరి ఆదాయం చెప్పాలి? పుస్తకంలో పడ్డ కూలి కొంత ఇతరులది. ఈమె చేసిన కూలి నాటు, కుట్టుపని, మహిళా సంఘం అప్పుతో పెట్టిన చిన్న దుకాణం ఆ పుస్తకంలో ఎక్కడా ఉండవు. కాగితానికీ చేతికీ మధ్య ఈ దూరం ఎవరి మోసం వల్లా రాలేదు. ఇంటి పనిని కార్ఖానా పనిలా లెక్కగట్టినప్పుడే వచ్చింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్లను కూడా కార్మికులుగా గుర్తించింది. 1977లో పీఎఫ్ బీడీ పరిశ్రమకు వచ్చింది. ఇంట్లో చుట్టేవాళ్లకు అది వర్తించదని యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో 1985లో ఓడిపోయారు. ఆ గెలుపే తర్వాత జీవన భృతికి పునాది అయింది. 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ సభ్యత్వం ఉన్నవాళ్లకే భృతి అని మొదట్లో పెట్టిన గీత అక్కడి నుంచి వచ్చిందే.

ఆ గీత అడిగినదేమిటో చూడండి. ఆ తేదీకి నీ పేరు రిజిస్టర్‌లో ఉందా అని అడిగింది. ఈ నెల నీకు ఎన్ని రోజులు పని దొరికింది, ఎంత వచ్చింది అని అడగలేదు. ఆసరా మార్గదర్శకాలు అనర్హులను ఏరడానికి పెట్టుకున్న గుర్తులూ అలాంటివే. మూడెకరాలకు మించి తరి (మాగాణి), లేదా ఏడున్నర ఎకరాలకు మించి ఖుష్కి (మెట్ట) ఉండొద్దు. కారు వంటి నాలుగు చక్రాల బండి ఉండొద్దు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ పెన్షనర్ ఉండొద్దు. ఒక ఇంటికి ఒకే పింఛను. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో జరిపిన సమగ్ర కుటుంబ సర్వే వివరాలు ఈ వడపోతకు ఆధారమయ్యాయి.

ఈ గుర్తులు కంటికి కనిపించే ఆస్తిని పట్టుకుంటాయి. నెలనెలా మారే ఆదాయం వాటికి చిక్కదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కొడుకు ఫైనాన్స్‌లో కారు కొని జగిత్యాల బస్టాండ్ దగ్గర కిరాయికి తిప్పుకుంటే, కిస్తీలు కట్టలేక సతమతమవుతున్నా, తల్లి భృతికి గండం వస్తుంది. అదే కొడుకు మస్కట్‌లో ఉండి నెలనెలా డబ్బు పంపితే ఏ గుర్తూ దాన్ని పట్టుకోదు. ఈ నియమాలు పెట్టినవాళ్ల మీద దురుద్దేశం మోపలేం. లక్షల ఇళ్ల ఆదాయాన్ని నెలనెలా కనుక్కునే యంత్రాంగం ఏ రాష్ట్రానికీ లేదు. కానీ పర్యవసానం చెప్పుకోవాలి. నిజం చెప్పాలనుకున్న మనిషికి కూడా చెప్పుకునే గడి ఏ కాగితంలోనూ లేదు. ఇంత సంపాదించాను, ఇంత తగ్గించి మిగతాది ఇవ్వండి అనే వీలు ఆమెకు లేదు. ఉంటే మొత్తం వస్తుంది, పోతే మొత్తం పోతుంది.

గడి ఉన్న కాగితం ఒకటి కేంద్రం దగ్గర ఉంది. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్ ప్రధాన వృత్తితోపాటు రెండో వృత్తినీ, నెల ఆదాయాన్నీ అడుగుతుంది. అయితే పీఎఫ్, ఈఎస్ఐ సభ్యులకు అందులో చోటు లేదు. పీఎఫ్ ఉంటేనే భృతి ఇచ్చిన రాష్ట్రం, పీఎఫ్ ఉంటే నమోదు చేయని కేంద్రం. కోరుట్ల బీడీ కార్మికురాలు ఈ రెంటి మధ్యన పడింది.

2016 ఏప్రిల్ నుంచి బీడీ కట్టల మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మలు వేయాలన్న నిబంధన వచ్చి కంపెనీలు పని ఆపినప్పుడూ, 2017లో బీడీ మీద 28 శాతం, తునికాకు మీద 18 శాతం జీఎస్టీ పడ్డప్పుడూ ఇక్కడి ఇళ్లలో పని దినాలు పడిపోయాయి. భృతి మాత్రం పని పూర్తిగా దొరికిన నెలలోనూ, సగమే దొరికిన నెలలోనూ అంతే వచ్చింది. ఇందులో ఒక మేలుంది, స్థిరంగా వచ్చే డబ్బు అప్పులవాడి నుంచి కొంత కాపాడుతుంది. కష్టం పెరిగిన నెలకు తగ్గట్టు సాయం పెరగదన్నది దీని లోపం.

సాంచాలు ఆగితే ఎవరికి సెలవు?

సిరిసిల్లలో లెక్క ఇంకోలా ఉంటుంది. సాంచాల (మరమగ్గాల) మీద వస్త్రం నేయించే సేటు, నూలు తీసుకుని తన షెడ్డులో కూలికి నేసి ఇచ్చే ఆసామి, ఆ సాంచాలు నడిపే కార్మికుడు, పడుగు సిద్ధం చేసే వార్పిన్, వైపని పనివాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు. అదే ఇంట్లో మరొకరు బీడీలు చుట్టడం మామూలే. అంటే పక్క సంపాదన అనేది ఇక్కడ ఎవరో ఒకరు దాచుకున్న రహస్యం కాదు, సంసారం నడిచే తీరే అది.

2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు ఏడాదిలో కొన్ని నెలలు నమ్మకమైన పని ఇచ్చాయి. 2023 తర్వాత అవి ఆగాయి. ఆ సంక్షోభంలో ఆత్మహత్యల వార్తలు మళ్లీ సిరిసిల్ల నుంచి వచ్చాయి. తర్వాత మహిళా సంఘాల సభ్యుల కోసం ఇందిరా మహిళా శక్తి చీరల ఆర్డరు వచ్చింది. మధ్యలో ఖాళీగా గడిచిన నెలలకు చట్టం ఏమిచ్చింది? లేఆఫ్ పరిహారం కింద మూల వేతనం, డీఏల్లో సగం ఇవ్వాలని 1953 సవరణ చెప్పింది. కాని అది కనీసం 50 మంది పనిచేసే సంస్థలకే. చిన్న చిన్న షెడ్లకు ఆ లెక్క అందదు. ఆసామి సంగతి మరీ కష్టం. ఉన్న కొద్ది సాంచాలకు యజమాని కాబట్టి కార్మికుడు కాడు, సేటు నూలు ఇవ్వకపోతే పనీ ఉండదు.

ఆ లేఆఫ్ చట్టంలోనే ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. పరిహారం ఎప్పుడు పోతుందో 25-ఇ సెక్షన్ చెప్పింది. యజమాని చూపిన ప్రత్యామ్నాయ పని కాదంటే పోతుంది. రోజుకు ఒక్కసారైనా పనివేళకు హాజరు వేయించుకోకపోతే పోతుంది. సాయంత్రం పూట వేరేచోట కూలికి వెళ్లి నాలుగు రూపాయలు తెచ్చుకున్నాడా అన్న ప్రశ్న అక్కడ లేదు. ఉపాధి హామీ చట్టమూ ఇదే ధోరణిలో నడిచింది. దరఖాస్తు పెట్టిన 15 రోజుల్లో పని చూపకపోతే మొదటి 30 రోజులకు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత కనీసం సగం భృతి ఇవ్వాలని 7వ సెక్షన్ రాసింది. భృతి ఆగిపోయే సందర్భాల్లో ఒకటి, ఆ చట్టం కిందే కూలీ భృతీ కలిపి వంద రోజుల కూలికి సమానమైనప్పుడు. బయట సంపాదించింది ఆ కూడికలోకి రాదు. పని చూపించాక రాకపోతే మాత్రం శిక్ష ఉంది. అంటే ఈ రెండు చట్టాలూ ఆదాయాన్ని తవ్వలేదు, పనికి సిద్ధంగా ఉన్నావా అని మాత్రమే చూశాయి. చెప్పుకోదగ్గ వివేకం ఇది. దురదృష్టవశాత్తు ఉపాధి హామీ భృతి చేతికందడమే అరుదు గనక ఈ వివేకం పరీక్షకు నిలిచే అవకాశమే రాలేదు.

కోర్టులు ఎటు మొగ్గాయి

పక్క సంపాదన వెల్లడి మీద మన దేశంలో నిజంగా లోతైన చర్చ జరిగింది సంక్షేమ కార్యాలయాల్లో కాదు, కోర్టుల్లో. ఉద్యోగం నుంచి తీసేసిన కార్మికుడు గెలిచాక, యజమాని పై కోర్టుకు వెళ్తే కేసు నడిచినన్నాళ్లూ చివరి జీతం ఇవ్వాలని పారిశ్రామిక వివాదాల చట్టంలో 17-బి సెక్షన్ చేరింది. ఎక్కడా ఉద్యోగం చేయడం లేదని కార్మికుడు అఫిడవిట్ ఇవ్వాలి. అయితే ఆ సెక్షన్‌కు ఉన్న మినహాయింపు ఏ చిన్న సంపాదన దొరికినా చాలనలేదు. ఉద్యోగంలో ఉండి సరిపడా వేతనం అందుకుంటున్నాడని కోర్టుకు తేలాలి అంది. ఆ సరిపడా అన్న షరతులో చాలా దయ ఉంది, చాలా లోకజ్ఞానమూ ఉంది.

1984లో రాజిందర్ కుమార్ కింద్రా కేసు ఇంకా స్పష్టంగా మాట్లాడింది. ఉద్యోగం పోయినాయన మామగారి బొగ్గు డిపోలో సాయం చేస్తూ కాలం గడిపాడు. అది ఆదాయమున్న ఉద్యోగమే అని యజమాని వాదించాడు. ప్రాణం నిలబెట్టుకోవడానికి అడుక్కున్నా అదీ ఉద్యోగమే అంటారా అన్న అర్థం వచ్చేలా సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. బీడీ చాట దగ్గర కూర్చున్న మనిషికి ఈ తర్కం ఎంత దగ్గరగా ఉందో వేరే చెప్పక్కర్లేదు.

రుజువు భారం ఎవరిదన్న దాని మీద మాత్రం కోర్టులు ఒక్కమాట మీద లేవు. పాత వేతనం కావాలంటే తాను ఖాళీగా ఉన్నానని కార్మికుడే ముందు చెప్పాలని 2005లో కేంద్రీయ విద్యాలయ సంఘటన్ కేసు అంది. 2013లో దీపాలి గుండు సుర్వసే తీర్పు రెండు మెట్లు కట్టింది. సంపాదన లేదనో, తక్కువనో కార్మికుడు చెబితే చాలు, కాదని నిరూపించే బాధ్యత యజమానికి పోతుంది. సస్పెండైన ప్రభుత్వోద్యోగుల జీవనాధార భత్యానికి కూడా వేరే ఉద్యోగం, వ్యాపారం లేదన్న ధ్రువపత్రం కావాలని ఫండమెంటల్ రూల్ 53 అంటుంది. ఆ పత్రం అడగకుండానే, ఇవ్వలేదని భత్యం ఎగ్గొట్టడం కుదరదని 2000లో జగదంబా ప్రసాద్ శుక్లా కేసులో తేలింది. అడిగాకే తప్పు పట్టాలి అన్నది అక్కడి సారం. మన పింఛన్ల ఏరివేతకు ఇది నేరుగా వర్తించే తీర్పు కాకపోయినా, ఆ న్యాయం వర్తించకూడదనడానికి కారణం కనపడదు.

మూడు వాదాలు

ఇప్పటిదాకా వచ్చిన అభిప్రాయాలను స్థూలంగా మూడుగా చూడొచ్చు.

మొదటిది, పైసాపైసా చెప్పాల్సిందే అన్న వాదం. భృతి సొమ్ము అందరిదీ. జాబితాలో చోటు లేక వెలుపల నిలబడ్డ ఒంటరి మహిళ, కటాఫ్ తేదీ తర్వాత పీఎఫ్ కార్డు వచ్చిన యువతి ఉండగా, ఆదాయం ఉండీ తీసుకునేవాళ్ల వాటా వీళ్లదే. ఈ మాటలోని న్యాయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. సందేహం ఆచరణ దగ్గరే. ఆదాయం చెబితే భృతి మొత్తం పోయే చోట నిజం చెప్పమనడం, ఆ ఇంటి నెల బియ్యాన్ని పణంగా పెట్టమనడమే.

రెండోది, అడగనే వద్దన్న వాదం. బీడీ కార్మికురాలు, నేత కార్మికుడు అన్న గుర్తింపు చాలు, లోపలికి తవ్వకండి అంటుంది. తనిఖీ ఖర్చు, దళారుల బెడద, అవమానం తగ్గుతాయి. ఫిన్లాండ్ 2017, 2018 సంవత్సరాల్లో 2,000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు ఏ షరతూ లేకుండా, సంపాదించుకున్నా తగ్గించకుండా ఇచ్చి చూసింది. వాళ్లు సోమరులు కాలేదు. ఇతరులతో పోలిస్తే ఏడాదికి సగటున ఆరు రోజులు ఎక్కువే పనిచేశారు. తేడా చిన్నదే, మధ్యలో అక్కడి నిబంధనలు మారడంతో దానిపైనా వాదనలున్నాయి. కాని భృతి ఇస్తే పని మానేస్తారన్న భయానికి అక్కడ ఆధారం దొరకలేదు. ఈ వాదం బలహీనత ఇంకోచోట ఉంది. గుర్తింపు కార్డే అర్హత అయితే, కార్డు లేని పేదరాలు ఎప్పటికీ బయటే ఉంటుంది.

మూడోది, కొంత వదిలేసి మిగతాది లెక్కపెట్టమన్న వాదం. జర్మనీలో నిరుద్యోగ బీమా అందుకునేవాళ్లు వారానికి 15 గంటల లోపు పని చేసుకోవచ్చు, ముందే చెప్పాలి. నెలకు 165 యూరోల దాకా వచ్చినదాని జోలికి పోరు. కాలిఫోర్నియాలో వారం సంపాదనలో 25 డాలర్లు, లేదా నాలుగో వంతు, ఏది ఎక్కువైతే అది వదిలేసి మిగతాది భృతిలోంచి తీస్తారు. వారానికి 400 డాలర్ల భృతి ఉన్న మనిషి 200 డాలర్లు సంపాదిస్తే 50 వదిలి 150 కోస్తారు. చేతికి మొత్తం 450 వస్తుంది. నిజం చెప్పినవాడు ఏమీ సంపాదించని వారం కంటే నష్టపోడు, కొంతైనా లాభపడతాడు. ఈ మూడింటిలో మన ప్రాంతానికి నప్పేది ఇదేనని ఈ వ్యాసం అభిప్రాయం. ఇక్కడ నిరుద్యోగమంటే పని పూర్తిగా లేకపోవడం కన్నా పని కుంచించుకుపోవడమే ఎక్కువ. కుంచించుకున్నంత మేర పూడ్చే పద్ధతే అందుకు తగినది.

అడ్డంకి కూడా ఒప్పుకోవాలి. ఈ విధానానికి వారంవారం నమ్మదగిన లెక్క కావాలి. అమెరికాలో జీతం చేతికొచ్చిన వారం కాకుండా పనిచేసిన వారం కింద సంపాదన చూపాలి. అక్కడే చాలామంది తడబడతారు. ఈ వారం చుట్టిన బీడీలకు కూలి ఎప్పుడో వచ్చే చోట ఆ తడబాటు ఇంకా పెరుగుతుంది.

ఇంటి మొత్తం ఆదాయాన్ని ఒకరి భృతికి ముడిపెట్టడం మీద మాత్రం చరిత్ర ఒక హెచ్చరిక ఇచ్చింది. 1931లో బ్రిటన్ నిరుద్యోగ సాయానికి కుటుంబ ఆదాయ పరీక్ష పెట్టింది. కొడుకు, కూతురి సంపాదనను తండ్రి భృతిలోంచి తీసేశారు. పిల్లలు ఇల్లు వదిలి వేరుగా ఉండాల్సి వచ్చిందని జనం మండిపడ్డారు. పదేళ్ల తర్వాత 1941లో ఆ పరీక్షను ఎత్తేశారు. ఒక ఇంటికి ఒక పింఛను అన్న మన నియమాన్ని, పింఛను కోసం రేషన్ కార్డులు వేరు చేసుకునే పద్ధతిని చూసేటప్పుడు ఆ అనుభవాన్ని పక్కన పెట్టుకోవాలి.

సముద్రం అవతల

జగిత్యాల జిల్లా మాట వస్తే గల్ఫ్ రాకుండా ఉండదు. 2023 జనవరి నుంచి యూఏఈలో ఉద్యోగం పోతే బీమా తప్పనిసరి అయింది. మూల వేతనం 16,000 దిర్హాముల లోపు ఉన్నవాళ్లు నెలకు 5 దిర్హాములు కట్టాలి. వరుసగా 12 నెలలు కట్టి, తమ తప్పు లేకుండా ఉద్యోగం పోతే, మూల వేతనంలో 60 శాతం మూడు నెలల వరకు వస్తుంది. మూల వేతనం వెయ్యి దిర్హాములున్న కోరుట్ల కార్మికుడికి నెలకు 600 అన్నమాట. క్లెయిమ్ 30 రోజుల్లో వేయాలి. కొత్త ఉద్యోగంలో చేరినా, దేశం వదిలినా ఆగిపోతుంది. బహ్రెయిన్‌లో 2006 నిరుద్యోగ బీమా చట్టం కింద ప్రవాస కార్మికుల జీతంలోంచి కూడా ఒక శాతం పోతుంది.

అక్కడ పక్క సంపాదన అంటే అర్థమే మారిపోతుంది. పర్మిట్ లేకుండా వేరేచోట పనిచేస్తే అది భృతి నియమాల ఉల్లంఘనతో ఆగదు, ఉండే హక్కుకే ఎసరు పెడుతుంది. 2024లో యూఏఈ, పర్మిట్ లేనివాళ్లను పెట్టుకున్న యజమానికి జరిమానాను పెంచి, కనీసం లక్ష, గరిష్ఠంగా పది లక్షల దిర్హాములు చేసింది. ఖల్లివెల్లిగా, అంటే పర్మిట్ లేకుండా మిగిలినవాడిగా, మారిన కార్మికుడు దొరికిన పని చేస్తూ, ఆదాయం చెప్పుకునే వీలే లేక, కట్టిన బీమా కూడా పోగొట్టుకుంటాడు. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్న తెలుగువాళ్లకూ కొంత ఇలాంటి బిగింపే. ఉద్యోగం పోయాక అరవై రోజుల గడువు ఉంటుంది, ఆ మధ్యలో బయట చిన్న పని చేసినా వీసాకు ముప్పు. నిజాయితీగా చెప్పుకునే స్వేచ్ఛ, పనిచేసే స్వేచ్ఛ ఉన్నచోటే ఉంటుందన్నది ఈ రెండు ఉదాహరణల్లోనూ కనిపిస్తుంది.

ఇంకా తేలనివి

వెనక్కి కట్టించుకోవడం మీద ఏ స్పష్టతా లేదు. 2024 జులైలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పక్షవాతంతో మంచం పట్టిన ఒక వృద్ధురాలికి, కుటుంబ పింఛను వస్తున్నందున ఆసరా కింద తీసుకున్న లక్షా డెబ్బై వేలకు పైగా తిరిగి చెల్లించాలని నోటీసు వెళ్లింది. గొడవ అయ్యాక, మార్గదర్శకాలు వచ్చేదాకా రికవరీలు ఆపమని ప్రభుత్వం చెప్పింది. ఉద్యోగులకు పొరపాటున ఎక్కువ చెల్లించిన సొమ్ము విషయంలో 2014 నాటి రఫీక్ మసీహ్ తీర్పు కింది స్థాయి ఉద్యోగులను, పదవీ విరమణ చేసినవాళ్లను, ఐదేళ్లకు మించి అలా తీసుకున్నవాళ్లను కాపాడింది. జీతగాళ్లకు ఉన్న ఆ రక్షణ పింఛనుదారులకు లేదు. అమెరికా రాష్ట్రాల్లో తమ తప్పు లేకుండా ఎక్కువ అందుకున్నవాళ్లు మాఫీ అడిగే దారి ఉంది. ఇక్కడ అలాంటి అర్జీ ఎవరికి పెట్టాలో కూడా రాసి లేదు.

ఈఎస్ఐలో కొంత దారి పడింది. 2018 జులైలో వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన జీవితకాలంలో 90 రోజులకు జీతంలో 25 శాతం ఇచ్చేది. 2020 కొవిడ్ వేళ అది 50 శాతం అయింది, అఫిడవిట్ బెడదా తగ్గింది. కానీ నెలకు రూ.21,000 లోపు జీతముండి, కార్డున్న కార్మికులకే అది. చిన్న సాంచాల షెడ్లకు, ఇంటి బీడీకి ఆ తలుపు మూసే ఉంది. 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి కింద రాష్ట్రాలు రాసుకునే నియమాల్లో ఆసామి, ఇంట్లో బీడీ చుట్టే మహిళ ఎక్కడ నిలబడతారన్నది మొదటి ప్రశ్న.

రెండోది అంతకన్నా చిన్నది, వెంటనే చేయగలిగినది. బీడీ కంపెనీలు ఎంత ఆకు ఇచ్చాయో, ఎన్ని బీడీలు తీసుకున్నాయో లెక్క రాయక తప్పదు, పీఎఫ్ కట్టేది ఆ లెక్క మీదే. కార్మికురాలిని పక్క సంపాదన అడిగే ముందు, ఏ నెల ఎన్ని పని దినాలు ఇచ్చారో కంపెనీలను అడిగి, ఆ తగ్గుదలకు భృతిని జతచేసే వీలు ప్రభుత్వానికి ఉంది. చేసిన ఇతర పని చెప్పుకోవడానికి ఒక గడి, నెలకు ఒక పరిమితి వరకు ఎంత చెప్పినా భృతి తగ్గదన్న ఒక హామీ దానికి తోడు కావాలి. ఆ పరిమితి రెండు వేలా, నాలుగు వేలా అన్నది కార్మిక సంఘాలు, గ్రామీణాభివృద్ధి శాఖ కూర్చుని తేల్చాల్సినది. చేయూత కింద రూ.4,000 హామీ అమలుకు కొత్త జాబితా తయారయ్యేటప్పుడే ఆ మాట తేలాలి. జాబితా ఖరారయ్యాక మళ్లీ కటాఫ్ తేదీల గురించే తగువు మొదలవుతుంది.